పుట్టి మనది, వల సేటుది

తుపానులో ఓడ మునగకుండా సరుకును సముద్రంలో పారేసేవాడు ఇష్టపడి చేస్తున్నట్టా, లేనట్టా? అరిస్టాటిల్ తేల్చింది: రెండూ కలిసిన పని, కానీ ఆ క్షణాన ఎంచుకున్నది అతనే.

మా అచ్చంపేట దిక్కున ఓడల్లేవు, పుట్టిలే. వెదురు బద్దలు గుండ్రంగా అల్లి, ఒకప్పుడు తోలు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా చుట్టి తారు పూస్తారు. మొన్న చిన్నాయన కొత్తది కృష్ణలో దించిండు. చెమ్మ దిగుతుందేమోనని అడుగంతా వేళ్లతో తడిమి, తెడ్డు పెట్టుకుని, వల సర్దుతున్నడు. దోమతెరంత సన్నటి కన్నుల అలివి వల! వేలెడంత పిల్లను కూడా వదలదు. నిషేధమున్నా శ్రీశైలం వెనుక జలాల్లో పడుతూనే ఉంది.

"ఇదెందుకే చిన్నాయనా?"

"పైసలిచ్చినాయన ఇదే ఇచ్చిండు."

చేపలు పోయాల్సింది కూడా ఆయనకే, ఆయన చెప్పిన రేటుకే.

అరిస్టాటిల్ లెక్క ఇక్కడ పూర్తిగా అతకదు. ఓడవాడి తుపాను గడిచిపోతుంది, అప్పు ప్రతి తెల్లారీ ఉంటుంది. పైగా ఇక్కడ నీళ్లపాలయ్యేది చిన్నాయన సరుకొక్కటే కాదు, పక్క పుట్టివాడి వచ్చే ఏటి చేప కూడా. అందుకే చిన్నాయనను పూర్తిగా వెనకేసుకు రాలేను. కానీ దొరికిన అలివి వలలను ఒడ్డున కుప్పపోసి తగలబెడితే, కాలేది వల ఒక్కటే. దాని మీది బాకీ చిన్నాయన పేరునే ఉంటుంది. సేటు ఖాతా పుస్తకాన్ని మాత్రం ఎవరూ అడగరు.