పాత గోడకు కొత్త పూత

లోకములో క్రొత్తది కట్టువానికి దొరకు ప్రశంస పాతది బాగుచేయువానికి దొరకదు. కట్టడము కంటికి కనబడును. మరమ్మతు చక్కగా జరిగినచో కనబడనే కనబడదు. అయినను ధర్మాధర్మ విచారణకు మరమ్మతే ఎక్కువ తావిచ్చును. ఏలయనగా, కట్టువాడు ఖాళీ స్థలముపై కట్టును. బాగుచేయువాడు మరియొకరు చేసిన పనిమీద చేయి వేయును. దానిపై ఆతనికెంత అధికారము గలదు? ఆతడు మాన్పవలసినది జబ్బునా, జబ్బు జాడనా? పాత ఇంటిలో పెచ్చులూడిన లోపలి గోడ యెదుట నిలిచిన గృహస్థునకు ఇవి కేవలము గ్రంథములలోని ప్రశ్నలు కావు.

రాయలసీమలోను తెలంగాణములోను తాతలనాటి మిద్దెలు ఇప్పటికిని పలుచోట్ల నిలిచియున్నవి. పాత మఠముల కట్టడములును పెక్కు ఈ తీరువే. రాతితోనో ఇటుకతోనో, అడుసుతోనో సున్నముతోనో గోడ కట్టి, లోపలివైపు సున్నపు గార పూసిరి. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో కాల్చగా అందలి బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి పొడిసున్నము మిగులును. అది నీటిలో కుతకుతలాడి విరిసి తడిసున్నమగును. దానికి ఇసుకయో ఇటుకపొడియో చేర్చి, ఎద్దులు త్రిప్పు గానుగలో నూరి వాడెడివారు. కరక్కాయలు నానవేసిన నీటిని, బెల్లపు నీటిని కలుపుటయు కలదు. పూసిన గార గాలిలోనుండి ఆ వాయువునే మెల్లమెల్లగా తిరిగి తీసికొని రాయియగును. ఈ మార్పు పైపైన నెలలకొలది, లోతట్టున ఏండ్లకొలది జరుగుచుండును.

ఇట్టి గోడలో నీరు నడచును. నేలలోని చెమ్మ సందులగుండ పైకెక్కి, గారయందలి సన్నని రంధ్రముల ద్వారా ఆవిరియై గాలిలో కలియును. వచ్చునదియు పోవునదియు సరిపోయినంతకాలము గోడకు భయము లేదు. వచ్చునది హెచ్చినపుడే గార ఉబ్బి, తెల్లని ఉప్పు పొడి తేలి, పెచ్చులు రాలును. హెచ్చుటకు కారణము గోడలోనే ఉండుట అరుదు. పగిలిన తూము, పూడిన మురుగుకాలువ, మిద్దెపై చిల్లు, వీనిలో ఏదో యొకటి. ఊళ్ళలో మరియొక కారణము తరచుగా కానవచ్చును. బాగుచేసినప్పుడెల్ల పాత రోడ్డుపైననే కొత్త పొర వేయుచుండుటచే వీధి ఎత్తు పెరిగి, ఒకప్పుడు మూడు మెట్లెక్కి పోవు ఇల్లు నేడు ఒక మెట్టు దిగి పోవునదియగును. వాననీరు గోడ మొదటనే నిలుచును. గృహస్థుడు గోడను నిందించును, దోషము వీధిది.

ఇంతలో మేస్త్రీ వచ్చును. రాలిన మేర చెక్కి, సిమెంటు పూసి, రంగు వేసినచో రెండు దినములలో ముగియునని చెప్పును. అతడు చెప్పినది అబద్ధము కాదు. సిమెంటును చెడ్డ వస్తువు కాదు. 1824లో ఇంగ్లండున జోసెఫ్ యాస్పిడిన్ పోర్టులాండు సిమెంటునకు పేటెంటు పొందెను. 1914 నాటికి పోర్‌బందరున దాని తయారీ సాగెను. నేడు వంతెనలు దానివలననే నిలుచుచున్నవి. కాని అది మెత్తని పాత గోడకంటె మిక్కిలి కఠినము. చెమ్మను సులభముగా పోనీయదు. లోపలి నీరు సిమెంటు మేరను దాటి ఇంకను పైకెక్కి, అంతవరకు చెడని గారను చెరచును. ఉప్పు పూత వెనుకనే గడ్డకట్టి ఇటుకను, అడుసును పొడిచేయును. కొన్ని వానాకాలములు గడచిన పిమ్మట సిమెంటు పలకవలె ఊడును. ఊడునపుడు పాత గోడ చర్మమును కూడ వెంట తీసికొనిపోవును.

బలమైనది బలహీనమైనదానికి అండయగునని సామాన్యముగా తలతురు. పాత గోడ విషయమున ఇది తలక్రిందులగును. అతుకు గోడకంటె కొంచెము మెత్తనై యుండవలెను. కష్టము వచ్చినపుడు చెడవలసినది అతుకు, గోడ కాదు. చెడిన అతుకును మరల వేయవచ్చును. చెడిన గోడను మరల తేనలవికాదు. కట్టడముల రక్షణ తెలిసినవారు పాటించు నియమమిది. 1591లో కట్టిన చార్మినారునకు నేటికిని సున్నపు గారతో మరమ్మతులు చేయుట ఇందుకే. తన బలమును చూపక, చెడినదాని బలమునకు తగ్గి సేవచేయుట వినుటకు సులభము. అది ఎంత కష్టమో ఇంట ముసలివారిని చూచుకొను కొడుకులకును కోడండ్రకును తెలియును.

1964 నాటి వెనిసు శాసనపత్రము, లోపించిన భాగమును పూరించునపుడు ఆ పూరణ పాతదానితో పొందికగా ఉండవలెననియు, అయినను వేరని గుర్తింపదగియుండవలెననియు చెప్పినది. అది స్మారక కట్టడములకు చెప్పిన మాట. కాపురముండు ఇంటికింత నియమమెందులకని తోచవచ్చును. కాని చూచువానిని మోసగింపరాదనునది దాని వెనుకనున్న న్యాయము. ఇల్లు అమ్మదలచినవాడు, అద్దెకీయదలచినవాడు బేరమునకు ముందు చెమ్మగోడకు రంగు పూయించుట మామూలైనది. కొన్నవాడు చూచుకొనవలదా యని సమాధానము చెప్పుదురు. చూడదగినదానిని దాచినపుడు ఈ సమాధానము నిలువదు. అద్దెకు వచ్చినవాని పసిబిడ్డ ఆ బూజు పట్టిన గదిలోనే పరుండును గదా! అమ్మకము లేనిచోట సైతము ఇదే చిక్కు. పెండ్లినాటికి గోడ నిగనిగలాడిన చాలునను తండ్రి, ఆస్తితోపాటు దాని చెడుపును కూడ కొడుకునకు వ్రాసియిచ్చుచున్నాడు.

దీనికొక ఆక్షేపణ కలదు. అది త్రోసివేయదగినది కాదు. సున్నపు పని తెలిసిన మేస్త్రీలు నేడు అరుదు. గానుగలు మూలబడినవి. పనికి దినములు పట్టును, సొమ్ము పట్టును. చిన్న జీతముపై బ్రతుకు కుటుంబమేమి చేయవలెను? అట్టివారిపై ధర్మము పెద్ద ఖర్చును మోపదు. తూమును బాగుచేయించి, గోడ వెంట పేరిన మట్టిని తీయించి, రాలిన మేరను ఒక వేసవి అట్లే ఆరనిచ్చినను తప్పు లేదు. వట్టి గోడ చూచి చుట్టాలేమనుకొందురో యను జంకే చాలమందిచేత సిమెంటు పూయించుచున్నది.

ఆరిన పిమ్మటి పనికి కావలసినది ఓపిక. వ్రేళ్ళ కణుపులతో గోడను తట్టుచు పోవలెను. పట్టున్న చోట గట్టి ధ్వని, విడిన చోట డొల్ల ధ్వని వినబడును. డొల్లను మాత్రమే తీయవలెను. నిలిచియున్న గారను అందముకొరకు రాల్చరాదు. తేలిన ఉప్పును పొడి కుంచెతో దులపవలెనే గాని కడుగరాదు. కడిగిన ఉప్పు కరగి మరల గోడలోనికే పోవును. పగులున్నచో దానికి అడ్డముగా సన్నని గాజుముక్క నతికి, ప్రక్కన తేదీ వ్రాయుదురు. గాజు పగిలినచో గోడ ఇంకను కదలుచున్నదన్నమాట. అప్పుడు పిలువవలసినది ఇంజనీరును. కదలనిచో అంచులను తడిపి, ఒక పాలు సున్నమునకు మూడు పాళ్ళ ఇసుక చొప్పున కలిపిన గారను పలుచని పొరలుగా, ఒకటి గట్టిపడిన తరువాత మరియొకటి వేసి, తడి గోనెలు కప్పి, చప్పున ఎండనీయక కాపాడవలెను.

సున్నము చేతులను కాల్చును. కంట పడినచో చూపునకే ముప్పు. పనివానికి తొడుగులు, కంటి అద్దములు సమకూర్చుట ఇంటివాని విధి. పది దినముల పనిని రెండు దినముల కూలికి బేరమాడుట, కాయకమును గూర్చి ఉపన్యాసములు శ్రద్ధగా వినువారి యిండ్లలోను కానవచ్చుచున్నది. తొందరకు కూలి ఇచ్చి ఓపికను ఆశించుట న్యాయమనిపించుకొనదు.

క్రొత్త అతుకు కొన్నాళ్ళు గోడపై వేరు రంగున కనబడుచుండును. దానిని కప్పుటకు ప్లాస్టిక్కు రంగు పూసినచో రంధ్రములు మూసికొని చేసిన పనియంతయు వృథాయగును. పలుచని సున్నపు వెల్ల చాలును. వానాకాలము వెడలిన తరువాత ఆ చోటును ఇంకొకమారు తట్టి చూడవలెను.