గడప దాటిన నీరు ఎవరిది?



సంగత్‌లో నేల గురించి, నీళ్ల గురించి మాట ఎత్తినప్పుడల్లా మాకు రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. మొదటిది భూమి ఉన్నవాళ్లు అడిగేది: "నా పొలం, నా డబ్బు. ఒక బస్తా యూరియా వేస్తానో రెండు వేస్తానో నా ఇష్టం. అందులో పాపం ఏముంది?" రెండోది భూమి లేనివాళ్లు అడిగేది: "మాది ఇనుప పని. కత్తులు, కొడవళ్లు, జల్లెళ్లు చేసి అమ్ముకునేవాళ్లం. సెంటు నేల లేదు. ఈ మాటలు మాకెందుకు?"

రెండూ న్యాయమైన ప్రశ్నలే. అడిగినవాళ్లను కసరడం తగదు. అయితే రెండింటి వెనకా ఒకే నమ్మకం ఉంది: నా హద్దు దాటిపోయింది ఇక నాది కాదు అని. నీళ్లు గట్టు దాటాయి, మురికి కాల్వలో పడింది, మన లెక్క తీరిపోయింది. ఈ నమ్మకం నిజమేనా అన్నదే ఇప్పుడు మనం కూర్చుని ఆలోచించుకోవలసిన సంగతి.

దీనికి అండమాన్ దీవుల వైపు చూడటం మంచిది. మన పక్క నదులు వందల మైళ్లు పోతాయి. ఎగువవాడు చేసింది దిగువవాడికి తెలిసేసరికి ఏళ్లు గడుస్తాయి. దీవిలో అలా కాదు. కొండవాలున పోక తోట, కింద లోయలో వరి మడి, దాని కింద మడ అడవి, ఆ తర్వాత సముద్రం. ఒక్క రోజు వానలో నీరు ఈ దారంతా నడిచేస్తుంది. ఎవరు ఏమి కలిపారో దాచడానికి చోటు లేదు.

అక్కడివాళ్లు మనకు పరాయివాళ్లూ కారు. పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం) తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడి గురుద్వారాకు డాక్టర్ దీవాన్ సింగ్ కాలేపాణీ గారి పేరు ఉంది. జపాన్ సైన్యం దీవులను ఆక్రమించిన కాలంలో ఆయన చిత్రహింసలు భరించి 1944 జనవరి 14న ప్రాణం విడిచారు. ఆయన కవి కూడా. 1938లో వచ్చిన ఆయన పుస్తకం పేరు 'వగ్దే పాణీ', అంటే పారే నీళ్లు. ఇంకా దక్షిణాన గ్రేట్ నికోబార్‌లో కాంప్‌బెల్ బే దగ్గర 1969 నుంచి మాజీ సైనికుల కుటుంబాలను స్థిరపరిచారు. వారిలో పంజాబీ సిక్కులు చాలామంది.

ఈ దీవుల్లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఎకరం నేల మీద పడే ఆ వానను లెక్క కడితే 1 కోటి 20 లక్షల లీటర్లు! అయినా జనవరి నుంచి ఏప్రిల్ దాకా నీటికి కటకట. పట్టణానికి తాగునీరు ముఖ్యంగా ధనిఖారి ఆనకట్ట నుంచి రావాలి. ఎండాకాలంలో కుళాయిలు వంతుల ప్రకారం వదులుతారు. అంత వానా ఏమవుతోంది? కొండలు ఏటవాలు, దీవులు సన్నం. నేల పట్టి ఉంచిన నీరే మనకు మిగులుతుంది, తక్కినదంతా సముద్రం పాలు.

నేల పట్టి ఉంచడం అంటే ఏమిటో చూడండి. అడవిలో చినుకు ముందు ఆకు మీద పడుతుంది, తర్వాత రాలిన ఆకుల పరుపు మీద పడుతుంది, అప్పుడు మెల్లగా మట్టిలోకి దిగుతుంది. వానపాములు చేసిన బొరియలు, చచ్చిన వేళ్లు వదిలిన సందులు దానికి దారులు. అదే చినుకు బోడి నేల మీద పడితే సుత్తి దెబ్బలా మట్టిని చిందిస్తుంది. చిందిన సన్న మట్టి సందులన్నీ పూడ్చేస్తుంది. ఇక నీరు లోపలికి దిగక పైపైనే పరుగెత్తుతుంది. ఆ పరుగులో పైమట్టి, అందులోని సత్తువ, నిన్న చల్లిన ఎరువు అన్నీ కలిసి పోతాయి.

దేశ విభజనలో సర్వం పోగొట్టుకుని తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలను 1949 నుంచి ఇక్కడ స్థిరపరిచారు. అడవి నరికి లోయల్లో వరి వేశారు. ఆకలితో వచ్చినవాడు చెట్టు కొట్టాడని నిందించడం మా ఉద్దేశం కాదు. విభజన దుఃఖం తెలిసిన పంథ్ అలా నిందించకూడదు కూడా. మేము చెప్పేది ఆ తర్వాతి మాట. కొండవాలున పోక, కొబ్బరి చెట్ల మధ్య నేలను నున్నగా చెక్కేసి, వాన ముందు ఎరువు చల్లితే, ఆ ఎరువులో మంచి భాగం చెట్టుకు కాదు, సముద్రానికి వేసినట్టే.

సముద్రంలో అది ఏమి చేస్తుంది? పగడం రాయి కాదు, ప్రాణి. దాని ఒంట్లో ఉండే కంటికి కనపడనంత చిన్న నాచు, ఎండతో ఆహారం తయారుచేసి దానికి పెడుతుంది. నీరు బురదైతే ఎండ అందదు. ఎరువుల్లోని నత్రజని, భాస్వరం చేరితే బయటి నాచు విపరీతంగా పెరిగి పగడాన్ని కప్పేస్తుంది. పగడం పోయినచోట చేప నిలవదు. చేప లేకపోతే జాలరి పొయ్యి వెలగదు. వండూర్ దగ్గర పగడాలను కాపాడటానికి 1983లో మహాత్మా గాంధీ సముద్ర జాతీయ పార్కు ఏర్పాటు చేశారు. లోపలికి వెళ్లే మనిషిని ఆపి అడగవచ్చు, కొండ మీంచి దిగే బురదను ఎవరు ఆపి అడుగుతారు?

ఇక్కడ మరో ప్రశ్న వస్తుంది, కాస్త లోతైనది. అంతా హుకం అంటాం కదా, మరి నేల పాడైతే అదీ హుకమే కాదా? 2004 డిసెంబర్ 26న వచ్చిన భూకంపం, సునామీ ఈ ప్రశ్నను దీవుల ముందు నిలబెట్టాయి. దక్షిణ అండమాన్‌లో నేల సుమారు ఒక మీటరు కుంగింది. గ్రేట్ నికోబార్ చివరన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగి, దీపస్తంభం నీళ్లలో నిలబడింది. సిప్పీఘాట్ వైపు వరి మడులు ఉప్పు చెరువులయ్యాయి. ఇందులో ఏ రైతు తప్పూ లేదు.

కానీ తర్వాత జరిగింది చూడండి. ఆ ఉప్పును కడిగింది కూడా వాన నీరే. అయితే కడిగిన నీరు దిగిపోవడానికి దారి ఉన్నచోట మాత్రమే నేల బాగుపడింది. 1978లో పోర్ట్ బ్లెయిర్‌లో మొదలైన కేంద్ర వ్యవసాయ పరిశోధన సంస్థ పల్లపు మడులకు ఒక పద్ధతి చెప్పింది. వెడల్పాటి కందకాలు తవ్వడం, ఆ మట్టితో పక్కనే ఎత్తయిన మడులు కట్టడం. వాన ఎత్తు మడిలోని ఉప్పును కిందికి దించేస్తుంది, పైన కూరగాయలు వేసుకోవచ్చు. కందకంలో వాన నీరు నిలుస్తుంది, అందులో చేపలు పెంచుకోవచ్చు. సునామీ ఎవరి చేతిలోనూ లేదు. కందకం తవ్వాలా వద్దా అన్నది మాత్రం పార పట్టిన చేతిలోనే ఉంది. హుకం పేరు చెప్పి ఆ చేతిని దాచుకోలేం. ఉప్పు అడక్కుండా వచ్చింది. మనం పోసే విషం మన చేత్తోనే వెళుతోంది.

జపుజీ సాహిబ్ చివరి శ్లోకంలో గురు సాహిబ్ గాలిని గురువుగా, నీటిని తండ్రిగా, నేలను తల్లిగా చెప్పారు. మనం రోజూ చదువుకునేదే. ఆయన మాటతో ఆగలేదు. కర్తార్‌పూర్‌లో స్వయంగా సేద్యం చేశారు. హరిద్వార్ సాఖీ మన పిల్లలకు కూడా తెలుసు. జనం పితృదేవతలకని తూర్పుకు నీళ్లు వదులుతుంటే, గురు నానక్ దేవ్ జీ పడమటికి తిరిగి, పంజాబ్‌లోని తన పొలానికని చల్లారు. ఇంత దగ్గర పొలానికే అందకపోతే పరలోకానికి ఎలా అందుతాయని అడిగారు. ఆ సాఖీకి రెండో వైపు కూడా ఉందని మాకు అనిపిస్తుంది. దోసిలితో చల్లిన నీరు చచ్చినవాళ్లకు అందదు. మన పెరట్లోంచి వదిలిన నీరు మాత్రం పుట్టబోయేవాళ్లకు తప్పకుండా అందుతుంది.

ఇక రెండో ప్రశ్న, ఇనుప పని చేసే ఇళ్లది. నిజానికి నేల సంగతి మనకు తెలిసినంత తేలిగ్గా ఇతరులకు తెలియదు. ఎర్రగా కాల్చిన కొడవలిని ఒక్కసారిగా నీళ్లలో ముంచి వదిలేస్తే గట్టిపడుతుంది, కానీ పెళుసు. రాయి తగిలితే విరుగుతుంది. మళ్లీ కాస్త వేడి చూపించి, రంగు గమనించి తీస్తేనే పనిముట్టు. వట్టి యూరియాతో పెంచిన నేల ఆ పెళుసు కొడవలి లాంటిది. ఒక పంట పచ్చగా మెరుస్తుంది, ఒక్క కరువుకు చేతులెత్తేస్తుంది. పెంట, ఆకు, జీలుగ, జనుము కలిసిన నేలలో ఓపిక ఉంటుంది.

అయినా మా అసలు మాట పొలం గురించి కాదు, మన వాకిలి గురించి. మనవాళ్లలో పాత సామాను పని చేసేవాళ్లున్నారు. తుప్పు వదిలించిన యాసిడ్, వాడేసిన ఇంజన్ ఆయిల్, పాత బ్యాటరీల్లోంచి కారిన నీరు ఎక్కడికి పోతున్నాయి? వీధి కాల్వలోకి, అక్కణ్ణుంచి మట్టిలోకి. బ్యాటరీ సీసానికి రుచీ వాసనా తెలియవు. అది కుళ్లిపోయి మాయం కాదు. పిల్లల ఒంట్లో చేరితే మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. "ఫ్యాక్టరీలు మూసీలోకి ఎంతో వదిలాయి, మా చెంబెడు ఏపాటి?" అంటారు. ఈ మాటలో నిజం ఉంది. పెద్దవాణ్ణి వదిలి చిన్నవాడికి నీతులు చెప్పడం మాకూ నచ్చదు. కానీ ఆ చెంబెడు యాసిడ్ దిగే మట్టిలో ఆడుకునేది ఫ్యాక్టరీ యజమాని పిల్లలు కారు, మన పక్కింటి పిల్లలు.

బ్యాటరీని ఇంట్లో పగలగొట్టకుండా అలాగే అమ్మితే చేతికి కొంత తక్కువ వస్తుందని తెలుసు. రోజు కూలి మీద బతికే ఇంటికి ఆ కొంత కూడా ఎక్కువే. అందుకే దీన్ని ఒక్కొక్కరి మనస్సాక్షికి వదిలేయడం సరికాదని మా అభిప్రాయం. వండ్ ఛక్నా అంటే లంగర్‌లో రొట్టె పంచుకోవడం ఒక్కటే అయితే అది సగమే. సరైన పని చేసినందుకు వచ్చే నష్టాన్ని కూడా పంచుకోవాలి. దస్వంధ్‌లో కొంత తీసి, బస్తీలో ఒక సిమెంటు గచ్చు, మూతలున్న డబ్బాలు, వాడేసిన ఆయిల్‌కు ఒక పీపా సంగత్ ఏర్పాటు చేయవచ్చు. గురుద్వారా ముందు పచ్చిక కోసం ఎరువు కొనడం కన్నా లంగర్ కూరగాయల తొక్కలు ఒక గుంటలో వేసి మాగబెట్టవచ్చు. పచ్చికను వాన కాలంలో పెరగనిచ్చి, ఎండాకాలంలో ఎండనివ్వడంలో అవమానం ఏమీ లేదు. కుళాయి దగ్గర బిందెలు వరుసలో ఉన్నప్పుడు గడ్డికి నీళ్లు పట్టడమే మాకు ఎబ్బెట్టుగా తోస్తుంది.

పొలం ఉన్నవాళ్లు యూరియా ఒకేసారి వేయకుండా పంటకు కావలసిన వేళల్లో విడతలుగా వేయాలి. మబ్బు కమ్మిన రోజున అసలు వేయవద్దు. వాలుకు అడ్డంగా గడ్డి వరసలో, అనాస వరసలో పెట్టాలి. కొబ్బరి పీచు డొప్పలు తగలబెట్టకుండా చెట్టు చుట్టూ పూడిస్తే అవి నీటిని పట్టి ఉంచుతాయి.

నైరుతి రుతుపవనం మే మూడో వారం ప్రాంతంలో అండమాన్ చేరుతుంది, మన ఊళ్లకు జూన్‌లో వస్తుంది. కందకం తవ్వేవాళ్లు, గచ్చు వేసేవాళ్లు ఏప్రిల్‌లోనే మొదలుపెట్టాలి. పారలు, గడ్డపలుగులు కావాలంటే అవి చేసే చేతులు మన సంగత్‌లోనే ఉన్నాయి.