ఏ విడుదల కోరుచున్నాము?



డేనియల్ డెఫో 1719లో ప్రకటించిన రాబిన్సన్ క్రూసో కథను నేను బడిలో ఉండగా చదివితిని. ఓడ పగిలి, దీవిలో 28 సంవత్సరములు గడపిన మనుష్యుని కథ అది. మేకలను మచ్చిక చేయుట, తోలుతో గొడుగు కుట్టుట, ఇవే అప్పుడు నాకు ముచ్చట గొలిపెను.

ఇప్పుడు మరియొక సంగతి కనబడుచున్నది. చలిజ్వరముతో పడియున్న క్రూసో, మందుగా పొగాకు కొరకు పెట్టె తెరచెను; అందులో బైబిలును దొరికెను. కీర్తనలు 50:15 అతని కంటబడెను. విడుదల అనగానే అతనికి దీవిని దాటుటయే తోచెను. కొన్నాళ్లకు, దీవికంటె తన పాపమే గట్టి చెర అని గ్రహించెను. దీవి మారలేదు, అతడు మారెను.

మన్సూరాబాదులో మన ప్రార్థన మనవులు చూడుడి: అప్పు తీరవలెను, వ్యాజ్యము గెలువవలెను, జ్వరము తగ్గవలెను. అడుగుట తప్పు కాదు. నేనును జబ్బుపడినప్పుడు లేపుమని వేడుకొంటిని గాని, తమ్మునితో గల గట్టు తగవును ప్రభువు ఎదుట ఎత్తలేదు. జబ్బు నయమైనను మనస్సు నెమ్మదిపడలేదు. తమ్ముని గడప తొక్కి, క్షమించుమని అడిగిన దినముననే నాకు విడుదల కలిగెను.

ఈ మాసము మీరు ఎవరి గడప తొక్కవలెనో ప్రభువు మీకు చూపును గాక. ఆమేన్.