అమృత బొమ్మల దగ్గర ఆగు

అమ్మడూ,

ఢిల్లీలో ఆదివారం ఖాళీగా ఉంటావనీ, నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్ చూడాలనుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. డ్రాయింగు మాస్టారి ఇంటి పిల్లవి, ఇన్నాళ్ళకి ఆ బుద్ధి పుట్టింది. సంతోషం. అయితే పెదనాన్న మాట ఒకటి విని వెళ్ళు.

అక్కడి బొమ్మలు వేలల్లో ఉంటాయి. గోడలకెక్కేవి వాటిలో కొన్నే, ఆ కొన్నీ కూడా ఒక్కపూటలో తెమిలేవి కావు. అన్నీ చూసి తీరాలని పరుగెత్తావంటే పుష్కరాల రద్దీలో ఒక్క మునక వేసి వచ్చినట్టే. తల తడుస్తుంది, గోదారిని చూశామా అంటే చూడలేదు. అందుకని ఒకే ఒక్క మనిషిని పట్టుకో. నన్నడిగితే అమృతా షేర్‌గిల్‌ని పట్టుకోమంటాను.

1913లో బుడాపెస్టులో పుట్టింది. తండ్రి పంజాబు సిక్కు, తల్లి హంగేరీ ఆవిడ. పదహారేళ్ళకి పారిస్ వెళ్ళి బొమ్మలు నేర్చింది, 1934లో ఇక్కడికి వచ్చేసింది, 1941లో లాహోరులో పోయింది. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు, ఇంచుమించు నీ వయసే. ఆ పిల్ల పనిలో పెద్ద భాగం ఈ గ్యాలరీకే చేరింది. ఒక చెయ్యి ఏటికేడూ ఎలా మారిందో ఒకే కప్పు కింద చూడగలగడం మాటలు కాదు.

ముందు 1932లో వేసిన ‘యంగ్ గర్ల్స్’ ఎక్కడుందో అడుగు. ఒంటి మీది వెలుగు, బట్ట మడత, జుట్టు మెరుపు, అన్నీ బడిలో చెప్పినట్టే నిక్కచ్చిగా కుదిరాయి. నా క్లాసులో అయితే నూటికి నూరు వేసేవాణ్ణి. పారిస్ వాళ్ళూ మెచ్చుకున్నారు. అది చూశాక తిన్నగా 1935 నాటి ‘త్రీ గర్ల్స్’ దగ్గరికి నడువు. మధ్యలో గడిచింది మూడేళ్ళే. ముగ్గురు ఆడపిల్లలు, వాలిన కళ్ళు, వెనక ఉత్త గోడ. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోరు, మనవైపు చూడరు. పారిస్‌లో అంత కష్టపడి నేర్చుకున్న హంగుల్లో ఎన్నిటిని వదిలేసిందో అక్కడ నిలబడి లెక్కపెట్టు. నేర్చుకోవడం కంటే అలా వదులుకోవడానికే ఎక్కువ ధైర్యం కావాలని నా నమ్మకం.

ఆ తరవాత ఆవిడ అజంతా, ఎల్లోరా చూసుకుని, హైదరాబాదు మీదుగా దక్షిణాదిలో కన్యాకుమారి దాకా తిరిగింది. తిరిగొచ్చి 1937లో వేసినదే ‘బ్రహ్మచారీస్’. దీని దగ్గర మాత్రం తొందరపడకు. చొక్కాలు లేని ఐదుగురు కుర్రాళ్ళు, జంధ్యాలు, తెల్ల పంచెలు. మన కోనసీమ అగ్రహారం అరుగు మీద కూర్చున్న పిల్లల్లాగే ఉంటారు. ముందు దూరం నుంచి ఐదుగురినీ కలిపి చూడు. తరవాత దగ్గరికెళ్ళి ఆ తెలుపుల్లో ఎన్ని తెలుపులున్నాయో, ఆ ఒంటి చాయల్లో ఎన్ని గోధుమ రంగులున్నాయో వెతుకు. అజంతా గోడలు ఆవిడకేం నేర్పాయో నేను చెప్పనక్కర్లేదు. పక్కనున్న చీటీ ఆఖర్న చదువు. ముందే చదివితే చీటీలో ఉన్నదే బొమ్మలో కనిపిస్తుంది. ఫోను సంచీలో ఉండనీ. ఆ ఫొటోలు నీకంటే బాగా తీసినవాళ్ళు చాలామంది ఉన్నారులే.

నచ్చకపోతే నచ్చలేదను. గొప్పవాళ్ళ బొమ్మ కదా అని మొహమాటపడకు. ఎందుకు నచ్చలేదో మాత్రం ఒక ముక్క రాసుకో, పెన్సిలు పట్టుకెళ్ళు.

గోడల మీది బొమ్మల్ని మారుస్తుంటారు, కాబట్టి లోపలికి వెళ్ళగానే అమృత బొమ్మలు ఏ అంతస్తులో ఉన్నాయో కనుక్కో. ఆ రోజు లేకపోతే దిగులుపడకు, నందలాల్ బోసు హరిపురా బొమ్మలు అడుగు. 1938 కాంగ్రెసు సభల కోసం గాంధీగారి మాట మీద వేసినవి. డోలు వాయించేవాడు, కుట్టుపనివాడు, పల్లెల్లో కనబడే మనుషులే. అవీ లేకపోతే నీ కంటికి నచ్చిన ఇంకెవరినైనా ఎంచుకో, కానీ ఒక్కరినే.

గ్యాలరీ ఇండియా గేట్ దగ్గర జైపూర్ హౌస్‌లో ఉంది. ఒకప్పుడు జైపూర్ మహారాజు నివాసం. 1954లో దీన్ని గ్యాలరీగా ప్రారంభించింది మన రాధాకృష్ణన్‌గారే. గుమ్మటం బాగుంటుంది, బయటికి వచ్చేటప్పుడు చూడొచ్చు. పని ఆదివారం తెమలక సోమవారానికి వాయిదా వేసేవు, ఆ రోజు సెలవు.

అన్నట్టు, మన రాజమండ్రిలో దామెర్ల రామారావు గ్యాలరీ ముందు నుంచే కాలేజీకి వెళ్ళేదానివి, లోపలికి అడుగుపెట్టావా ఎప్పుడైనా? ఆయనా ఇరవై ఏడేళ్ళకే, 1925లో పోయాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు తీసుకెళ్తాను, ఈసారి తప్పించుకోలేవు.

ఆదివారం రాత్రి ఫోను చెయ్యి. బాగుంది అని ఊరుకుంటే ఒప్పుకోను. ఆ ఐదుగురు కుర్రాళ్ళలో ఎవడు నీకు బాగా తెలిసినవాడిలా అనిపించాడో చెప్పు, మీ పెద్దమ్మ కూడా అదే అడుగుతుంది.

మీ పెదనాన్న