అపశ్రుతి ఎవరికి?

పేపర్లలో తరచూ కనబడే ఒక మాట నన్ను చాన్నాళ్లుగా సతాయిస్తోంది: అపశ్రుతి. జాతరలో తొక్కిసలాట జరిగితే ‘జాతరలో అపశ్రుతి’. పిల్లాడు చెరువులో మునిగిపోతే ‘నిమజ్జనంలో అపశ్రుతి’. 2025 ఆగస్టు 17 రాత్రి రామంతాపూర్ గోఖలేనగర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తీగ తగిలి అయిదుగురు చనిపోయారు. వార్తల్లో మళ్లీ అదే మాట: శోభాయాత్రలో అపశ్రుతి.

సంగీతంలో దీనికి అర్థం సూటిగానే ఉంది. తంబూరా మీద ఒక శ్రుతి పెట్టుకుంటాం. దానితో కలవనిది అపశ్రుతి. ఆ స్వరంలో దానంతటదిగా తప్పేమీ లేదు. శ్రుతి మార్చి చూడండి, అదే ఇంపుగా వినబడొచ్చు. అంటే ఈ మాట వాడేసరికే, ఏది శ్రుతో మనం ఒప్పేసుకున్నామన్నమాట. ఊరేగింపు పాట, అయిదు చావులు అందులో తప్పిన స్వరం.

ఇదంతా మాటల పట్టింపే కదా అనుకునేవాణ్ణి. పదిరోజులకి వినాయకచవితి వచ్చింది. మూసీకి ఇవతల, చైతన్యపురిలో మా సందు. మంటపం దగ్గర డీజే. పక్క పోర్షన్‌లో గుండె ఆపరేషనైన పెద్దమ్మ. నివాస ప్రాంతాల్లో రాత్రి పది దాటాక 45 డెసిబెల్స్ మించకూడదని 2000 నుంచీ నిబంధన ఉంది. మా కిటికీ అద్దాలు వణుకుతున్నాయి.

కిందికెళ్లి, “అన్నా, జర సౌండ్ తగ్గిస్తారా? పెద్దమ్మకి బాలేదు” అన్నాను. తగ్గించారు. పొద్దున ఆమెకి ప్రసాదం తెచ్చిచ్చింది కూడా ఆ కుర్రాళ్లే. కానీ పాట తగ్గగానే అందరూ నావైపు చూశారు. “పండుగపూట ఏందన్నా ఇది” అన్నాడొకతను, నవ్వుతూనే. ఆ క్షణాన ఆ సందులో అపశ్రుతి నేనే.

అరగంటకి మళ్లీ మొదలైంది. మర్నాడు నేను కిందికి దిగలేదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాను. పొద్దున పెద్దమ్మని ఎట్లా ఉందని అడిగితే, “పండుగ కదా బిడ్డా, ఓర్చుకోవాలె” అంది. రాత్రంతా ఆమెకి నిద్ర లేదు.

‘రొద’ అన్నామంటే చెవికి తగిలిన దెబ్బ గురించి చెబుతున్నాం. ‘అపశ్రుతి’ అన్నామంటే వేడుక తరఫున మాట్లాడుతున్నాం. చనిపోయినవాళ్ల గుమ్మంలో నిలబడి ఆ మాట అనగలమా? అక్కడ అనలేనిది హెడ్డింగులో మాత్రం ఎందుకు? ‘అయిదుగురు చనిపోయారు’ అని రాస్తే చాలు.

నేను కూడా, ఆ రెండో రాత్రి ఇంకోసారి కిందికి దిగి ఉండాల్సింది.