ఆమె ఇస్తే మాత్రం మనం తీసుకోవచ్చా?

ఇంటిల్లిపాదీ తిన్నాక మిగిలింది తినే ఆడమనిషిని మనం పుణ్యాత్మురాలు అంటాం. అమ్మ అట్లాగే తిన్నది, అత్తమ్మ అట్లాగే తిన్నది, కాబట్టి అదే ధర్మం అనుకుంటాం. నేను అంగన్‌వాడీ టీచర్ని. స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలు పట్టాల దాపునున్న బస్తీలో నా పని. గర్భిణులు, బాలింతలు, ఆరేళ్లలోపు పిల్లలు, నా రిజిస్టర్ నిండా వీళ్లే. వాళ్ల బరువు తూచి రాసుకునేదాన్ని కాబట్టి, ఈ ధర్మం ఒంటి మీద ఎట్లా కనబడుతుందో నాకు తెలుసు. కడుపుతో ఉన్న మనిషి తన వాటా తీసి ఇంకొకరికి పెడితే దాన్ని త్యాగమే అందాం. మరి ఆ వాటా అందుకుని తినేవాళ్లు చేసేదాన్ని ఏమనాలి?

ఘన్‌పూర్ ఈమధ్యే మున్సిపాలిటీ అయింది. బతుకులు మాత్రం సగం ఊరివి, సగం పట్నంవి. మగవాళ్లు హమాలీకి, సెంట్రింగ్ పనికి, ఆటోలకు పోతారు. కొందరు పొద్దున్నే రైలెక్కి కాజీపేట, వరంగల్ పోయి చీకటి పడ్డాక దిగుతారు. ఆడవాళ్లు కూలికి పోతారు, హోటళ్లలో గిన్నెలు తోముతారు. సొంతూళ్లో ఉన్నన్నాళ్లు పెరట్లో నాలుగు తోటకూర మొక్కలో, చిక్కుడు పాదో, రెండు కోళ్లో ఉండేవి. ఇక్కడ ఉన్నది కిరాయి గది. కొత్తిమీర కట్ట కూడా కొనాల్సిందే.

బియ్యానికి మాత్రం కరువు లేదు. రేషన్ కార్డు మీద మనిషికి 6 కిలోలు వస్తాయి, 2025 ఏప్రిల్ నుంచి అవీ సన్నబియ్యమే. కాబట్టి మా బస్తీలో ఆకలి అంటే కడుపు ఖాళీగా ఉండటం కాదు. పళ్లెం నిండా అన్నం ఉండి, దాని పక్కన పప్పు, ఆకుకూర, గుడ్డు లేకపోవడం. తినే వరుసలో వెనక ఉన్నవాళ్లకు తగ్గేది అవే. పని నుంచి వచ్చిన మగమనిషికి, మామకు ముందు పెడతారు. తర్వాత పిల్లలు, ఆ తర్వాత అత్త. కోడలి వంతు వచ్చేసరికి కూర గిన్నెకు అంటుకున్న మసాలా మిగులుతుంది. ఆమె ఆ గిన్నెలోనే అన్నం వేసి, నాలుగు వేళ్లతో చుట్టూ తుడిచి కలుపుతుంది. చాలకపోతే ఇంత తొక్కు, దాని మీద చారు. "తిన్నవా బిడ్డా?" అంటే "కడుపునిండ తిన్న టీచరమ్మా" అంటుంది. అది అబద్ధం కాదు. కడుపు నిండే ఉంటుంది.

కష్టం చేసేవాడికి ఎక్కువ పెట్టడం అన్యాయమని నేననను. సిమెంటు బస్తాలు మోసే ఒంటికి తిండి ఎక్కువే కావాలి. అతను మంచాన పడితే ఇల్లంతా పస్తే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం బరువు పని చేసే మగవాడికి రోజుకు 3,470 కిలో కేలరీలు కావాలి, అంతే బరువు పని చేసే ఆడమనిషికి 2,720 చాలు. అయితే అదే లెక్క ఐరన్ దగ్గరికొచ్చేసరికి తిరగబడుతుంది. మగవాడికి 19 మిల్లీగ్రాములు చాలు, ఆడమనిషికి 29 కావాలి. నెలనెలా రక్తం పోయే ఒళ్లు గదా. అంటే బువ్వ అతనికి ఎక్కువ కావాలి, కూర ఆమెకు ఎక్కువ కావాలి. మన వడ్డనలో రెండూ అతని పళ్లెంలోకే పోతున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అదే వయసు మగవాళ్లలో 15.3 శాతం. ఇంత తేడా ఒక్క వడ్డన వల్లే వచ్చిందని నేను చెప్పను. నెలసరి ఉంది, కాన్పులున్నాయి, కడుపులో నులిపురుగులున్నాయి. కానీ ఎక్కువ పోగొట్టుకునే ఒంటికి తక్కువ పెడితే ఆ తేడా పెరుగుతుందే తప్ప తగ్గదు.

2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకంలో గర్భిణికి, బాలింతకు కేంద్రంలోనే ఒక పూట పూర్తి భోజనం పెడతాం. అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. ఇక్కడే కూర్చుని తినాలన్నది నియమం. ఆ నియమం ఎందుకో అర్థం కావాలంటే బాలామృతం సంగతి చూడాలి. ఏడు నెలలు నిండిన పసిబిడ్డకు మూడేళ్లు వచ్చేదాకా నెలకు రెండున్నర కిలోల బాలామృతం పిండి ప్యాకెట్ ఇంటికే ఇస్తాం. రోజుకు 100 గ్రాముల చొప్పున 25 రోజులకని లెక్క. ఇంటికి పోయాక అన్నకొక ముద్ద, అక్కకొక ముద్ద, తాతకు చాయ్‌లోకి ఒక లడ్డు. నెల సగం కాకముందే ప్యాకెట్ ఖాళీ. ఎవరూ దొంగతనం చేయలేదు, పంచుకున్నారు. పంచుకు తినమని మనమే నేర్పాం.

ఏడో నెల నిండిన ఒక గర్భిణి రోజూ మా కేంద్రానికి వచ్చేది. పప్పన్నం తినేది, పాలు తాగేది. గుడ్డును మాత్రం పళ్లెం అంచుకు జరిపి పెట్టుకునేది. నేను అటు తిరగ్గానే అది కొంగులోకి పోయి ముడి పడేది. ఇంట్లో ఏడేళ్ల పెద్దపిల్ల ఉంది. ఫీజు కట్టి ప్రైవేటు బడికి పంపుతున్నారు, అక్కడ మధ్యాహ్న భోజనం ఉండదు, గుడ్డూ ఉండదు. "దానికి పెట్టకుంట తింటే నాకు గొంతు దిగది మేడం" అంది. ఈ మాటను ఏ నియమంతో కాదనగలం? ఆమె ప్రేమ నిజం. ఆమె కడుపులో ఉన్న బిడ్డకు ఆ గుడ్డు అందలేదన్నదీ నిజమే.

పోతన గారి బమ్మెర మాకు దగ్గరే, మా జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోనే ఉంది. భాగవతం నవమ స్కంధంలో రంతిదేవుడి కథ వినని ఇల్లు మా వైపు తక్కువ. 48 రోజులు తిండీ నీళ్లూ లేకుండా ఉండి, చివరికి దొరికిన అన్నాన్ని అడిగినవాళ్లందరికీ ఇచ్చి, మిగిలిన గుక్కెడు నీళ్లు కూడా దాహమన్నవాడికి పోశాడు. చేతులెత్తి దండం పెట్టాల్సిన మనిషే. కానీ ఆ 48 రోజులు అతని భార్యాబిడ్డలు కూడా అతనితో పాటే మాడారు. ఆ నీళ్లలో వాళ్ల వాటా లేదా? దాన్ని ఇచ్చే హక్కు అతనికి ఎవరిచ్చారు? భక్తి తక్కువై అడగడం లేదు. తూకం పక్కన నిలబడి చూసినవాళ్లకు ఈ ప్రశ్న రాక తప్పదు.

దీనికి జవాబు నాకు భారతంలో దొరికింది. అశ్వమేధ పర్వంలో సక్తుప్రస్థుడి కథ ఉంది, బంగారు ముంగిస కథ అంటే అందరికీ గుర్తొస్తుంది. కరువు కాలంలో ఒక పేద ఇల్లు. తండ్రి, తల్లి, కొడుకు, కోడలు. దొరికిన కాస్త పేలపిండిని నాలుగు సమాన భాగాలు చేసుకున్నారు. ఇది మొదట గమనించాలి, కోడలికీ సమాన భాగమే. అంతలో అతిథి వచ్చాడు. తండ్రి తన భాగం ఇచ్చాడు, అతిథి ఆకలి తీరలేదు. భార్య తన భాగం ఇవ్వబోతే ఆ తండ్రి వెంటనే చెయ్యి చాపలేదు. పురుగులూ పశువులూ కూడా తమ ఆడదాన్ని పోషించుకుంటాయి, నీ వాటా నేనెట్లా తీసుకోను అన్నాడు. కొడుకు ఇస్తానంటే పిల్లల ఆకలి బలమైంది, నేను ముసలివాణ్ని, ఓర్చుకోగలను అన్నాడు. కోడలు ముందుకొస్తే ఎండకు గాలికి వాడి ఆకలితో చిక్కిపోయిన నీ దగ్గర తీసుకునేదెట్లా అని కుమిలిపోయాడు. ఆ కథలో అందరూ ఇచ్చినవాళ్లను పొగుడుతారు. నాకు మాత్రం తీసుకోవడానికి ఆ మామ పడిన సంకోచమే కథకు ప్రాణం అనిపిస్తుంది. మన ఇళ్లలో కోడళ్లు ఇస్తూనే ఉన్నారు. సంకోచించే మామలే కనబడరు.

ఆచారం అట్లా ఉంది అనేవాళ్లకు ఇంకో మాట. మనుస్మృతిలో నేను ఒప్పుకోనివి చాలా ఉన్నాయి. ఆ గ్రంథం కూడా మూడో అధ్యాయంలో కొత్త కోడళ్లకు, పిల్లలకు, రోగులకు, గర్భిణులకు అతిథి కంటే ముందే, ఆలోచించకుండా పెట్టమన్నది. ఆచారం పేరు చెప్పి చివర కూర్చోబెట్టిన మనిషిని ఆ పాత పుస్తకమే ముందు కూర్చోబెట్టింది. మా బస్తీలో చర్చికి పోయే కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లకు కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక, 11వ అధ్యాయం గుర్తుచేస్తాను. ప్రభువు బల్ల దగ్గర ఒకరు ముందే తినేసి ఇంకొకరు ఆకలితో ఉండిపోతుంటే పౌలు గట్టిగా మందలించి, ఒకరికోసం ఒకరు ఆగమన్నాడు.

ఇప్పుడు తిన్నది ఎన్నాళ్లు నిలుస్తుందని కొందరు అడుగుతారు. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ దగ్గర ఇబ్రహీంపట్నం వైపు ఊళ్లలో జాతీయ పోషకాహార సంస్థ ఒక పని చేసింది. కొన్ని ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో రోజూ ఉప్మా పెట్టారు. కొన్ని ఊళ్లలో పెట్టలేదు. ఆ పిల్లలు పదమూడు, పద్దెనిమిదేళ్ల మధ్య వయసుకొచ్చాక మళ్లీ పరీక్షించారు. ఉప్మా పెట్టిన ఊళ్ల పిల్లలు రెండో ఊళ్ల పిల్లల కంటే సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు, వాళ్ల రక్తనాళాలు కూడా మెత్తగా, ఆరోగ్యంగా ఉన్నాయి. తల్లి కడుపులో ఉండగా, పసితనంలో అందిన ఆ ఉప్మా అన్నేళ్ల తర్వాత కూడా ఒంట్లో ఉంది. అందకపోతే ఆ లోటు కూడా అట్లాగే ఉండిపోతుంది.

అందుకే కొంగులో గుడ్డు ముడేసుకున్న బిడ్డను గద్దించి లాభం లేదు. ఆమెను అడగాల్సింది ఏమీ లేదు, ఆమె ఇంటివాళ్లను అడగాలి. మా బస్తీలో ఒక అత్త ఉంది. కూర దించగానే అందరికంటే ముందు కోడలి కూర చిన్న గిన్నెలోకి తీసి మూత పెడుతుంది. తర్వాతే మిగతా వడ్డన. "నైవేద్యం తీసినట్టు తీస్త. కడుపుల ఉన్నది దేవుడే గద" అంటుంది. ఆ ఇంట్లో ఎవరికీ తిండి తక్కువైంది లేదు. అందరి కూర ఒక గరిటెడు తగ్గి, కోడలి కూర నిండింది.

ఒకే గుడ్డు ఉండి, తినాల్సినవాళ్లు ఇద్దరున్నప్పుడు ఏం చేయాలి? అది తల్లి తేల్చుకోవాల్సిన లెక్క కాదు. పెద్దపిల్ల గుడ్డు తండ్రి తేవాలి. బయట తాగే ఒక చాయ్ మానుకుంటే ఒక గుడ్డు వస్తుంది. మొత్తం ఇంటికే లేనప్పుడు ప్రభుత్వాన్ని అడగాలి, ప్రైవేటు బడికి పోయే కూలివాళ్ల పిల్లలకు కూడా ఆ పూట భోజనం ఎందుకు అందదని అడగాలి. ఎవరూ త్యాగం చేయొద్దని నేననడం లేదు. ఎవరి ఒంట్లో ఎక్కువుందో వాళ్లు చేయాలి.

ఇది చదివే అన్నలకు, అత్తమ్మలకు నాదొక్కటే మనవి. ఈ రాత్రి కూర దించగానే, మీరు పళ్లెం ముందు కూర్చోకముందే, ఇంట్లో కడుపుతో ఉన్న బిడ్డకు, పాలిచ్చే తల్లికి కూర తీసి పక్కన పెట్టండి. ఆమె వద్దన్నా పెట్టండి.