వడ్లవాని పాకలో యేసు



క్రిస్మసు దగ్గరపడినప్పుడు, కొల్లేటి ప్రాంతములోని మా సంఘపు పెద్దలు గుడి గోడకు ప్రభువు పటమొకటి కొనవలెనని కూడిరి. ఏలూరులోని పటముల కొట్టునుండి చూచుటకు రెండు తెప్పించిరి. ఒకదానిలో ఆయన తెల్లని వస్త్రములతో కాంతిలో నిలిచియుండెను. రెండవదానిలో చిన్నవాడై, వడ్రంగి పాకలో చిత్రిక పొట్టు నడుమ ఉండెను. ఒక పెద్ద రెండవదానిని చాలసేపు చూచి, "అయ్యగారూ, ఇది మన పాకలాగే ఉందండీ. గుళ్లో కూడా ఇదేనా?" అనెను. ఆయన ఆ ఉదయమంతయు చేపల చెరువుగట్టున మట్టి మోసి వచ్చినవాడు.

ఇదే ప్రశ్న 1850లో లండనును కలవరపరచెను. ఫాక్సుగారు, నోబుల్‌గారు సువార్తతో మన బందరునకు వచ్చి అప్పటికి తొమ్మిదేండ్లు. రాయల్ అకాడమీ ప్రదర్శనలో జాన్ ఎవరెట్ మిలే అను ఇరువదియేండ్ల యువకుడు ఒక చిత్రమునుంచెను. దానికి పేరు పెట్టలేదు. జెకర్యా 13:6 మాత్రము జతపరచెను. చేతులలోని గాయములనుగూర్చిన వచనమది. బాలయేసు అరచేతికి మేకు గుచ్చుకొన్నది. రక్తపుబొట్టు పాదముమీద పడినది. తల్లి మోకరించి ముద్దుకొరకు చెంప చాపుచున్నది. అవ్వ అన్న పట్టకారుతో మేకును లాగుచున్నది. బాలుడైన యోహాను గాయము కడుగుటకు నీళ్లు తెచ్చుచున్నాడు. యోసేపు చేతులు నరములు తేలిన కూలివాని చేతులు. మిలే నిజముగా ఒక వడ్రంగి కొట్టును చూచి ఆ పాకను గీసెను, యోసేపు దేహమునకు ఒక వడ్రంగినే ఎదుట నిలుపుకొనెను. ముఖము మాత్రము తన తండ్రిది.

పత్రికలు మండిపడెను. అందరికంటె కఠినముగా వ్రాసినవాడు చార్లెస్ డికెన్సు. ఆ బాలుడు వికారముగా నున్నాడనియు, ఆ తల్లి చూడ శక్యముకానంత కురూపియనియు తన వారపత్రికలో ఎగతాళి చేసెను. పండ్రెండేండ్ల ప్రాయమున తానే బూట్లపాలిషు కార్ఖానాలో కూలిచేసినవాడు, బీదల కన్నీటిని పుస్తకములనిండ నింపినవాడు, ప్రభువును ఆ బీదలలో ఒకనిగా చూడలేకపోయెను! గొడవ విని విక్టోరియా రాణి ఆ పటమును తనయొద్దకు తెప్పించుకొని చూచెను.

డికెన్సును తప్పుపట్టుట సులభము. మా పెద్దను తప్పుపట్టుట నాకంత సులభము కాదు. ఆరు దినములు బురదను చూచిన కన్ను ఏడవ దినమున వెలుగును కోరుటలో పాపమేమున్నది? ఆదివారము మనము ఉతికిన బట్ట కట్టుకొని వచ్చుట గర్వము కాదు, ప్రేమ. (పటమునకు మ్రొక్కరాదని నిర్గమకాండము 20 చెప్పుచున్నది, ఆ సంగతి ఇక్కడ వేరు.)

అయితే వెలుగును కోరుచు కోరుచు మనము మరియొకటి నేర్చుకొంటిమి. రాత్రంతయు చేపలు పట్టి, ఐసుపెట్టెలు లారీకెక్కించి, తెల్లవారి నేరుగా ఆరాధనకు వచ్చు యువకులు మా గుడిలో కలరు. వారు వరండాలోనే కూర్చుందురు. లోపలికి రావద్దని ఎవరును అనలేదు. రమ్మనియు అనలేదు, కానుక సంచి పట్టుకొని వారిని దాటి పోయిన నేనును అనలేదు. నజరేతువారు ప్రభువును వడ్లవాడని తీసివేసినట్లు మార్కు 6వ అధ్యాయములో చదువునప్పుడు, మనము ఆ ఊరివారము కామని అనుకొందుము. మేకు గుచ్చుకొన్న బాలుడు ఆ వరండాలో కూర్చుండినయెడల నేను గుర్తుపట్టియుందునా?

డికెన్సు, మిలే తరువాత స్నేహితులైరి. 1870లో డికెన్సు మరణించినప్పుడు, ఆ నిర్జీవ ముఖమును కూర్చుండి గీసినవాడు మిలేయే. ఆ పాక చిత్రము నేడు లండనులోని టేట్ చిత్రశాలలో నున్నది.

మేము తెల్లని పటమునే కొంటిమి. రెండవదానిని ఆ పెద్దయే తన డబ్బిచ్చి ఇంటికి తీసికొనిపోయెను.